కాంట్రా డాన్స్‌లో మంచి కాలర్ ఎలా ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమెరికాలో, మాసచూసెట్స్‌లో ఉంటాను. శనివారం రాత్రి ఎక్కడికి పోతున్నావని మనవాళ్ళు అడిగితే కాంట్రా డాన్స్‌కని చెబుతాను, అంటే జంటలుగా వరసల్లో నిలబడి ఆడే ఇక్కడి జానపద నాట్యానికి. ఈమధ్య అప్పుడప్పుడూ మైకు పట్టుకుని కాలింగ్ కూడా చేస్తున్నానంటే ఇంకో పది ప్రశ్నలు వస్తాయి. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి అలిసిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు కాలర్ అంటే ఎవరు?

చొక్కా కాలరూ కాదు, ఫోన్ కాలరూ కాదు. హాల్లో వంద మంది దాకా పొడుగాటి వరసల్లో ఎదురెదురుగా నిలబడి ఉంటారు. స్టేజి మీద ఫిడేలు, పియానో, ఒక్కోసారి గిటారో ఫ్లూటో. ఆ పక్కనే ఒక మనిషి మైకు పట్టుకుని, తర్వాత వెయ్యాల్సిన కదలిక పేరు చెబుతూ ఉంటారు. ఆ మనిషే కాలర్.

న్యూ ఇంగ్లాండ్‌లో, అంటే మాసచూసెట్స్ ఉన్న ఈ ఈశాన్య అమెరికాలో, పాతకాలంలో వీళ్ళని ప్రాంప్టర్ అనేవాళ్ళు. నాకు ఆ మాటే ఎక్కువ ఇష్టం. మన పద్య నాటకాల్లో తెర పక్కన నిలబడి మాట అందించే ప్రాంప్టర్ ఉంటాడు చూడండి, పని అదే. కాకపోతే అక్కడ అందించినట్టు జనానికి తెలియకూడదు. ఇక్కడ చూసే జనం అంటూ ఎవరూ ఉండరు, వచ్చినవాళ్ళంతా ఆడేవాళ్ళే.

కాంట్రా వేరు, స్క్వేర్ డాన్స్ వేరా?

వేరే, కానీ చుట్టాలు. రెండిటికీ వేర్లు ఇంగ్లాండ్ పల్లె డాన్సుల్లో ఉన్నాయి. 1651లోనే లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ అలాంటి డాన్సుల్ని ఒక పుస్తకంగా అచ్చు వేశాడు. అవి ఫ్రాన్సు వెళ్ళి పేరు మార్చుకున్నాయి, అట్లాంటిక్ దాటి అమెరికా కూడా చేరాయి.

స్క్వేర్‌లో నాలుగు జంటలు చదరంగా నిలబడతాయి. అందులో ఆధునిక పద్ధతి ఒకటుంది. కాలర్ నోట్లోంచి తర్వాత ఏ మాట వస్తుందో ఎవరికీ తెలీదు, అదే దాని మజా. అందుకని నెలల తరబడి క్లాసులకు వెళ్ళి కాల్స్ అన్నీ నేర్చుకోవాలి. కాంట్రాలో ఆ బాధ లేదు. ఒకే కదలికల క్రమం మళ్ళీ మళ్ళీ వస్తుంది, చుట్టు చుట్టుకీ ఎదుటి జంట మాత్రం మారుతుంది. డాన్స్ అయ్యేసరికి వరసలో ఉన్న చాలామందితో చెయ్యి కలిపి ఉంటారు. కింద రాసేదంతా కాంట్రా గురించే.

అంటే మన కోలాటం మాస్టారు లాంటివాళ్ళా?

సగం వరకే. కోలాటంలో మాస్టారు విజిల్ ఊదగానే కోపు మారుతుంది. కానీ ఆ జట్టు అప్పటికే వారాల తరబడి సాయంత్రాలు గుడి దగ్గర ప్రాక్టీసు చేసి ఉంటుంది. ఏం చెయ్యాలన్నది కాళ్ళకి ముందే తెలుసు. విజిల్ చెప్పేది "ఇప్పుడు" అని, అంతే. కాంట్రా కాలర్ "ఏం" అన్నదీ, "ఎప్పుడు" అన్నదీ రెండూ చెప్పాలి. అదీ అరగంట క్రితం తలుపు తోసుకుని లోపలికొచ్చిన కొత్త మనిషికి కూడా.

ఇంకో తేడా కూడా ఉంది. మన మాస్టారు చాలాసార్లు తానూ కోలలు పట్టుకుని వలయంలోనే తిరుగుతారు. కాలర్ స్టేజి మీద నిలబడిపోతారు. మొదట్లో నాకు అదే పెద్ద శిక్షలా అనిపించేది, కాళ్ళు ఊరుకునేవి కావు.

మంచి కాలర్‌కి ఉండాల్సిన గుణం ఒక్కటే చెప్పమంటే?

టైమింగ్. మిగతావన్నీ దాని తర్వాతే.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ట్యూన్‌ని ఒక పాటలా ఊహించుకోండి: పల్లవి రెండుసార్లు, చరణం రెండుసార్లు. ఒక్కొక్కటి 16 అడుగులు, మొత్తం 64. వేగం నిమిషానికి 110 నుంచి 120 అడుగుల మధ్య ఉంటుంది కాబట్టి ఒక చుట్టు అరనిమిషం పైచిలుకులో అయిపోతుంది. అలా పదిహేను చుట్లో, అంతకంటే ఎక్కువో తిరుగుతుంది.

కొత్తవాళ్ళకి తరచుగా వేయించే డాన్స్ ఒకటి తీసుకుందాం. పేరు 'ద బేబీ రోజ్', కట్టినవాడు డేవిడ్ కేనర్, మా మాసచూసెట్స్ ఫిడేలు వాయిద్యగాడు, కాలర్. మొదటి 16 అడుగుల్లో ఎదుటి జంటలోని నైబర్‌తో బ్యాలెన్స్ (తాళం మీద ముందుకీ వెనక్కీ అడుగు), స్వింగ్ (ఇద్దరూ పట్టుకుని గిరగిరా తిరగడం). తర్వాత నలుగురూ చేతులు పట్టుకుని ఎడమవైపు ముప్పావు చుట్టు, ఆ వెంటనే మీ పార్ట్‌నర్‌తో డోసిడో, అంటే ఒకరి చుట్టూ ఒకరు తిరిగి వచ్చిన చోటికే రావడం. తర్వాత 16 అడుగులు పార్ట్‌నర్‌తో బ్యాలెన్స్, స్వింగ్. చివరి 16లో రాబిన్లు (జంటలో కుడి పక్కన నిలబడేవాళ్ళు) చెయిన్, అంటే చెయ్యి కలిపి అవతలి వైపుకి దాటడం; తర్వాత నలుగురూ ఎడమ చేతులు మధ్యలో కలిపి తిరిగే స్టార్. స్టార్ వదిలి పక్కకి చూస్తే కొత్త నైబర్.

ఇప్పుడు మొదటి స్వింగ్ దగ్గరే ఆగి చూడండి. జనం గిరగిరా తిరుగుతున్నారు. 17వ అడుగు దగ్గర నలుగురూ చేతులు పట్టుకోవాలి. కాలర్ "సర్కిల్ లెఫ్ట్, త్రీ క్వార్టర్స్" అన్న మాటని 13వ అడుగులో ఎత్తుకుని 16లో వదలాలి. మాట పూర్తవడం, కాలు లేవడం ఒకదాని వెనక ఒకటి పడాలి. 17లో మొదలెడితే జనం రెండు అడుగులు వెనకబడతారు, ఆ అప్పు డోసిడోలో తీర్చాలని పరుగెడతారు. పోనీ ముందే చెబుదామని 9లో అన్నారనుకోండి, బుద్ధిమంతులు స్వింగ్ మధ్యలో వదిలేసి చేతులు చాపి నిలబడిపోతారు. సంగీతం ఇంకా స్వింగ్‌లోనే ఉంటుంది పాపం.

పెళ్ళి బంతిలో వడ్డించేవాళ్ళని గమనించారా? ఆకు ఖాళీ అయ్యాక కూర తెచ్చేవాడూ, పప్పన్నం కలుపుతుండగానే పెరుగు పోసేవాడూ ఇద్దరూ తిట్లు తింటారు. ఆఖరి ముద్ద నోట్లోకి వెళ్తుండగా పక్కన ప్రత్యక్షమయ్యేవాడే పనివాడు.

అంత లెక్క పెడుతూ మాట్లాడటం సాధ్యమేనా?

లెక్క పెడితే సాధ్యం కాదు. ట్యూన్ వినాలి. పల్లవి ముగింపుకి వస్తోందని చెవికే తెలిసిపోతుంది, పాట వింటూ పెరిగినవాళ్ళకి ఇది కష్టం కాదు. నేను మూడు నెలలు కారులో రీల్సూ జిగ్సూ (ఈ డాన్స్ ట్యూన్లలో రకాలు) పెట్టుకుని, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ, మనుషులు లేని హాలుకి కాల్ చేశాను. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు ఏమనుకున్నారో.

కాలర్ డాన్స్ పొడుగునా మాట్లాడుతూనే ఉంటారా?

ఉండకూడదు. కొత్త కాలర్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మొదటి రెండు మూడు చుట్లు పూర్తి మాటలు చెప్పాలి: "రాబిన్స్ చెయిన్ ఎక్రాస్", "స్టార్ లెఫ్ట్, లుక్ ఫర్ ద నెక్స్ట్". నాలుగో చుట్టుకి "చెయిన్", "స్టార్" చాలు. ఆరో చుట్టుకి ఎక్కడో జారేచోట ఒక్క మాట. ఆ తర్వాత మైకు దించెయ్యాలి. అప్పుడే హాల్లో అసలు శబ్దం వినిపిస్తుంది: ఫిడేలు, చెక్క నేల మీద వందమంది బ్యాలెన్స్ ఒక్కసారిగా పడిన దెబ్బ. దానికోసమే జనం గంటన్నర డ్రైవ్ చేసుకుని వస్తారు. మనం మాట్లాడుతూ ఉంటే అది వాళ్ళకి అందదు.

మౌనంగా ఉన్నా కళ్ళు మాత్రం పనిచేస్తూనే ఉండాలి. వరస చివరికి చేరిన జంట ఒక చుట్టు ఆగి, స్థానాలు మార్చుకుని, ఎదురు దిశలో మళ్ళీ ఆటలోకి వస్తారు. కొత్తవాళ్ళు తికమకపడేది అక్కడే, ఎందుకంటే అప్పటిదాకా హాలు ఒక చివర వైపు చూస్తూ ఆడిన మనిషి ఇప్పుడు రెండో చివర వైపు చూస్తూ ఆడాలి. అటువైపు చూస్తూ ఉండి, తల గోక్కుంటున్నవాళ్ళు కనిపిస్తే వాళ్ళకోసం ఒక మాట మళ్ళీ అందించాలి. బాగా ఆడేవాళ్ళని చూస్తూ మురిసిపోయే కాలర్‌కి ఆ జంట కనపడదు.

గొంతు బాగుండాలా? పాడటం రావాలా?

స్పష్టంగా ఉంటే చాలు. పాడక్కర్లేదు.

మన యాస అడ్డం కాదా?

యాసకంటే మాటల ఒత్తిడి దగ్గర తేడా వస్తుంది. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా, గబగబా పలికేస్తాం. మైకులో అది ఒకే గీతలా వినిపిస్తుంది, అందులో లెఫ్ట్ ఎక్కడుందో రైట్ ఎక్కడుందో దొరకదు. కాలు దేనిమీద ఆధారపడి ఉందో ఆ మాటని సాగదీసి, తాళం మీద దింపాలి. "స్టార్ లెఫ్ట్"లో నేను ఇప్పటికీ "లెఫ్ట్" మీద బరువు వేసి పలుకుతాను. అది సరిచేసుకున్నాక నా యాస గురించి ఎవరూ ఏమీ అనలేదు. డోసిడో అనే మాట ఫ్రెంచిలో వీపుకి వీపు అనే మాట నలిగి వచ్చింది, కాబట్టి ఉచ్చారణ గురించి ఈ డాన్సువాళ్ళు పెద్దగా పట్టింపు పెట్టుకునే హక్కు లేదు కూడా.

వాక్‌త్రూ అంటే ఏంటి? ఎంతసేపు చెయ్యాలి?

సంగీతం లేకుండా డాన్స్‌ని ఒకసారి నడిపించి చూపించడం. తేలికైనదైతే ఒకసారి చాలు, మెలిక ఉంటే రెండుసార్లు. అంతకుమించితే జనం పక్కవాళ్ళతో కబుర్లలో పడతారు, ఆ తర్వాత మీరు చెప్పేది ఎవరికీ వినపడదు.

ఇక్కడ మాట ఎంత తక్కువైతే అంత మేలు. "ఇప్పుడు మనం ఏం చేస్తామంటే..." అని మొదలుపెట్టకూడదు. ఎవరు, ఏ చెయ్యి, ఎవరితో, ఎంత దూరం, ఎటు చూస్తూ ఆగాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. పైన చెప్పిన డాన్స్‌లో ముప్పావు చుట్టు దగ్గర కొత్తవాళ్ళు ఉత్సాహంగా పూర్తి చుట్టు తిరిగేస్తారు. "త్రీ క్వార్టర్స్" అని ఎన్నిసార్లు అరిచినా ఆగరు, ఎందుకంటే తిరుగుతున్న మనిషి భిన్నాలు లెక్కపెట్టలేడు. అదే "ఒకటి, రెండు, మూడు చోట్లు, ఆగండి, పార్ట్‌నర్ వైపు తిరగండి" అంటే ఆగుతారు.

తప్పు చెబితే ఏమవుతుంది?

వరస కుప్పకూలుతుంది. నాకు అయింది కాబట్టి చెబుతున్నాను.

నేను కాల్ చేసిన రెండో రాత్రో మూడో రాత్రో, మూడో చుట్టులో "రాబిన్స్ చెయిన్" అనబోయి "లార్క్స్ చెయిన్" అన్నాను. అనుభవం ఉన్నవాళ్ళు నా మాట పట్టించుకోకుండా వాక్‌త్రూలో చేసిందే చేశారు. కొత్తవాళ్ళు నమ్మకంగా నా మాట విన్నారు. మధ్యలో ఎనిమిది చేతులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. నేను మైకులో క్షమాపణ మొదలుపెట్టాను: సారీ, నా తప్పు, నేను అనబోయింది... ఆ క్షమాపణ ముగిసేసరికి ఇంకో 16 అడుగులు గడిచిపోయాయి, మిగిలిన సగం హాలు కూడా ఆగిపోయింది. తప్పు మాట నాలుగు వరసల్ని పాడుచేసింది, సంజాయిషీ మొత్తం హాలుని పాడుచేసింది. చెమటలు పట్టేశాయి.

అప్పుడు చెయ్యాల్సింది వేరు. క్షమాపణ డాన్స్ అయ్యాక చెప్పుకోవచ్చు. ఆ క్షణంలో అందరూ గుర్తుపట్టే ఒక చోటు చూపించాలి. చాలా డాన్సుల్లో అది పార్ట్‌నర్ స్వింగ్. ఎవరు ఎక్కడ తప్పిపోయినా తమ పార్ట్‌నర్ మొహం తెలుసు కదా. "ఫైండ్ యువర్ పార్ట్‌నర్, స్వింగ్!" అంటే జాతరలో తప్పిపోయిన పిల్లలు అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు అందరూ దొరుకుతారు. అక్కడినుంచి మళ్ళీ మామూలే. అదీ కుదరకపోతే సంగీతం ఆపించి, నవ్వేసి, మొదటినుంచి మొదలుపెట్టాలి. దానివల్ల ప్రాణం పోదు.

లార్క్, రాబిన్ అంటే పక్షులేనా?

పక్షులే. జంటలో ఎడమ పక్కన నిలబడేవాళ్ళు లార్క్, కుడి పక్కన రాబిన్. ఇంగ్లిషులో ఎల్ అంటే లెఫ్ట్, ఆర్ అంటే రైట్, గుర్తు పెట్టుకోవడానికి సులువు. ఇదివరకు జెంట్స్, లేడీస్ అనేవాళ్ళు. ఇప్పుడు చాలా హాళ్ళలో ఎవరు ఏ వైపైనా ఆడొచ్చు కాబట్టి ఆ మాటలు వదిలేశారు, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. దీనిమీద వాదనలు బాగానే జరిగాయి. నా మటుకు నాకు, మా ఆవిడ లార్క్‌గా నన్ను తిప్పేస్తుంటే ఆ పాత మాటలు అసలు పనికొచ్చేవి కావు.

బ్యాండ్‌తో కాలర్‌కి ఏం పని?

చాలా. ముందు డాన్స్ రాసుకున్న కార్డు చూపించి ఎలాంటి ట్యూన్ కావాలో చెప్పాలి. బ్యాలెన్స్‌లు ఎక్కువుంటే దెబ్బ గట్టిగా పడే రీల్, మెత్తగా సాగే కదలికలుంటే జారుడుగా పోయే ట్యూన్. ఫిడేలు వాయించేవాళ్ళకి మీకంటే వందరెట్లు ట్యూన్లు తెలుసు, పేరు పెట్టి అడగడం కంటే ఎలా ఉండాలో చెప్పడమే మర్యాద. వేగం ఎక్కువైతే చేత్తో సైగ. ముగింపుకి ఇంకెన్ని చుట్లు ఉన్నాయో వేళ్ళు చూపించాలి, ఆఖరి చుట్టుకి జనానికీ తెలిసేలా చెప్పాలి. ఆ సైగ మర్చిపోతే బ్యాండు ఇంకో చుట్టు ఎత్తుకుంటుంది, హాల్లో సగం మంది అప్పటికే పార్ట్‌నర్‌కి థాంక్యూ చెబుతూ ఉంటారు.

రాత్రి మొత్తానికి డాన్సులు ఎలా ఎంచుకుంటారు?

వచ్చినవాళ్ళని చూసి. ఇంట్లో కూర్చుని వేసుకున్న ప్రోగ్రాం హాల్లో అడుగుపెట్టాక సగం మారుతుంది. డాన్సుల్ని చిన్న కార్డుల మీద రాసుకుని డబ్బాలో పెట్టుకునేది అందుకే. మొదట్లో తేలికవి, విరామానికి ముందు ఊపున్నది, రెండో సగంలో కాస్త మెలిక ఉన్నవి, అలసట మొదలయ్యాక మళ్ళీ తేలికవి. విరామానికి ముందూ, రాత్రి చివర్లోనూ వాల్ట్జ్ (జంటలు సొంతంగా ఆడుకునే మెల్లని డాన్స్) వాయిస్తారు, అప్పుడు కాలర్‌కి సెలవు.

తనకొచ్చిన కష్టమైన డాన్స్ ఎలాగైనా వేయించాలని పట్టుబట్టే కాలర్లు ఉంటారు. గుమ్మం దగ్గర ఇరవైమంది కాలేజీ పిల్లలు కొత్తగా వచ్చి నిలబడ్డా వాళ్ళ కార్డు మారదు. అలాంటి రాత్రి వచ్చిన ఆ పిల్లలు మళ్ళీ రారు.

ఈ కాలింగ్ ఎక్కడ పుట్టింది?

అమెరికాలో. ఇంగ్లాండ్‌లో, ఫ్రాన్సులో డాన్స్ మాస్టర్ దగ్గర ముందే నేర్చుకుని, గుర్తు పెట్టుకుని ఆడేవాళ్ళు. అమెరికాలో 19వ శతాబ్దంలో ఈ డాన్సులకి ఫిడేలు వాయించినవాళ్ళలో నల్లజాతివాళ్ళు చాలామంది, అందులో బానిసలుగా ఉన్నవాళ్ళూ ఎందరో. వాయిస్తూనే కదలికల పేర్లు చెప్పే పద్ధతిని పెంచినవాళ్ళు వాళ్ళే. తర్వాత ఇది తెల్లవాళ్ళ పల్లె కళ అన్న పేరుతో చలామణీ అయింది. ఈరోజు హాల్లో మైకు పట్టుకున్నప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవడం నాకు న్యాయం అనిపిస్తుంది.

20వ శతాబ్దంలో న్యూ ఇంగ్లాండ్‌లో దీన్ని నిలబెట్టినవాళ్ళలో పెద్ద పేరు రాల్ఫ్ పేజ్, న్యూ హాంప్‌షైర్ కాలర్. 1985లో పోయాడు. ఆయన పేరు మీద అక్కడ డాన్స్ వారాంతం కూడా పెట్టారు.

తెలుగులో కాల్ చెయ్యొచ్చా?

ప్రయత్నించాను. ఒక సంక్రాంతికి తెలిసిన కుటుంబాలన్నీ కలిసినప్పుడు స్కూల్ జిమ్‌లో సరదాగా నాలుగు డాన్సులు తెలుగులో వేయించాను. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. "మీ పక్కవాళ్ళ కుడి చెయ్యి పట్టుకుని ఒక చుట్టు..." దాకా అందరూ నిలబడి నా మొహం చూస్తున్నారు. "తిరగండి" అన్నాక గానీ కదలరు, అప్పటికి తాళం దాటిపోయింది. ఇంగ్లిషులో పని ముందొచ్చి వివరం తర్వాత వస్తుంది. అదీగాక లెఫ్ట్, రైట్ ఒక్కొక్క దెబ్బలో అయిపోతాయి.

రెండో డాన్స్‌కి క్రియలన్నీ తీసేశాను. "కుడి చెయ్యి, చుట్టు!" "అమ్మాయిలు, అటు!" "ఎడమ, నలుగురూ!" కోలాటంలో, బడి డ్రిల్లులో మన మాస్టార్లు మాట్లాడే తెలుగు ఇదే కదా. అప్పుడు నడిచింది. పిల్లలు బాగా ఆడారు, నాన్నలు ఫోన్లు జేబులో పెట్టుకోవడానికి కొంచెం టైం పట్టింది.

నేర్చుకోవాలంటే?

ముందు ఒకటి రెండేళ్ళు ఆడండి, రెండు వైపులా. తర్వాత మీ ఊరి డాన్స్ నిర్వాహకులని అడిగితే సాయంత్రంలో ఒక్క డాన్స్ కాల్ చెయ్యనిస్తారు. కొన్నిచోట్ల కొత్త కాలర్లకి ప్రత్యేకంగా ఓపెన్ మైక్ పెడతారు. 1915లో మొదలైన కంట్రీ డాన్స్ అండ్ సాంగ్ సొసైటీ కూడా మాసచూసెట్స్‌లోనే ఉంది, వేసవి క్యాంపులు నడుపుతుంది, వాటిలో కాలింగ్ నేర్పే తరగతులు దొరుకుతుంటాయి. ఇంట్లో సాధనకి ఉప్పు, మిరియాల డబ్బాలు నాలుగు చాలు. బల్ల మీద రెండు జంటలుగా పెట్టి తిప్పుకుంటూ చూడండి. ఉప్పు రాబిన్, మిరియాలు లార్క్.

డబ్బులొస్తాయా?

పెట్రోలుకీ, దారిలో తిండికీ సరిపోతాయి.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళొచ్చా?

హాయిగా తీసుకెళ్ళండి. గోడ వెంబడి కుర్చీలుంటాయి, సంగీతం బాగుంటుంది, ఆడమని ఎవరూ బలవంతం చెయ్యరు. పిలిస్తే కాదనడం తప్పు కాదు. మెత్తటి, శుభ్రమైన అడుగున్న బూట్లు తెచ్చుకోండి, చాలా హాళ్ళలో బయటి బూట్లతో చెక్క నేల మీదికి రానివ్వరు.

మా అమ్మని పోయినసారి తీసుకెళ్ళాను. ఆ రాత్రి కాలింగ్ చేసిందావిడ ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. అమ్మ కుర్చీలో కూర్చుని కాసేపు చూసింది, చేత్తో తాళం వేసింది. ఐదో చుట్టు తర్వాత నేను వరసలోంచి ఆ పక్కగా వచ్చినప్పుడు, నా చొక్కా పట్టుకుని ఆపి ఆదుర్దాగా అడిగింది.

"ఒరే, ఇందాకటినుంచీ ఆవిడ మాట వినపడట్లేదు, మైకు పోయిందేమో చూడరా."